కొల్లేటి గట్టు మీద పడక: నేలా, మంచమా?

ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ మధ్య 16వ నంబరు జాతీయ రహదారి మీద ఉంగుటూరు దగ్గర బండిని దక్షిణానికి తిప్పితే కొల్లేటి సీమ మొదలవుతుంది. కార్తికం నుంచి మాఘం దాకా వలస పక్షుల కోసం కార్లలో వచ్చి, ఓ రాత్రి ఇక్కడే ఆరుబయట గడపాలనుకునేవాళ్లకు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. గుడారం నేల మీద వేసుకోవాలా, లేక మడత మంచం మీదే చిన్న గుడారం కుట్టి ఉండే టెంటు మంచం తెచ్చుకోవాలా? రెండు వైపులా గట్టిగా నమ్మేవాళ్లున్నారు. వాళ్ల మాటలు ఇవి.

మంచం పక్షం: ముందు నేల సంగతి చూద్దాం బావగారూ. ఏలూరు కాలవకు దిగువనున్నదంతా నల్లమట్టి. సార్వా కోతలయ్యాయో లేదో దాళ్వా నారుమళ్లకు నీళ్లు పెడతారు. పక్షులు వచ్చే కాలమూ, చేలు మళ్లీ తడిసే కాలమూ ఒకటే. పైకి ఎండినట్టే ఉన్న చేనులో వేలితో నొక్కితే చెమ్మ తగులుతుంది. గుడారం అడుగు గుడ్డ నీళ్లను ఆపుతుంది, కాదనను. కానీ మోకాలు ఆనించినప్పుడో, మోచేతి మీద బరువు వేసి పక్కకు తిరిగినప్పుడో ఆ ఒక్క చోట ఒత్తిడి పడి, కాస్త అరిగిన గుడ్డయితే చెమ్మను లోపలికి వదిలేస్తుంది. తెల్లారేసరికి పరుపు కింద తడి. టెంటు మంచంలో పడక నేలకు ఇంచుమించు అడుగు ఎత్తున ఉంటుంది. కింద బురద ఉన్నా, గడ్డి దుబ్బులు గుచ్చుకుంటున్నా, వరి మోళ్లు లేచి ఉన్నా పడుకున్నవాడికి సంబంధం లేదు.

నేల పక్షం: చెమ్మ ఉన్న చోట గుడారం వేయమని ఎవరన్నారండీ? కాలవకు ఉత్తరాన ద్వారకా తిరుమల వైపు పది నిమిషాలు పోతే మెట్ట. ఎర్రనేల, ఆయిల్ పామ్ తోటలు. వాన పడ్డా నీరు నిలవదు. అక్కడ ఆసామిని అడిగి పడుకుని, తెల్లవారుజామున లేచి కొల్లేటికి దిగొచ్చు. కారుంది అందుకే కదా! ఇంకో మాట. మీరన్న ఆ మెత్తటి నేల మీ మంచాన్ని మాత్రం వదులుతుందా? గుడారంలో పడుకున్న మనిషి బరువు ఒళ్లంతటి వైశాల్యం మీద పరుచుకుంటుంది. మంచం మీదైతే ఆ బరువుకు మంచం బరువు కూడా కలిసి నాలుగైదు చోట్లే దిగుతుంది. నల్లరేగడిలో అర్ధరాత్రికి ఒక కాలు దిగబడితే పడకంతా ఓ పక్కకు ఒరుగుతుంది.

మంచం పక్షం: కాళ్లు విడివిడిగా మొనదేలి ఉంటే మీరన్నట్టే అవుతుంది. అందుకే గొట్టం అడ్డంగా నేలకు ఆనే రకం చూసుకోవాలి, కాదంటే కాళ్ల కింద చెక్క ముక్కలు పెట్టుకోవాలి. మెట్టకు పోయి పడుకోవడం తెలివైన పనే, ఒప్పుకుంటా. కానీ చాలామంది అలా పోరు. ఆటపాకలో గూడబాతులు చూస్తూ పొద్దుపోతుంది. చీకటి పడ్డాక తెలియని దారుల్లో ఉత్తరానికి వెళ్లే ఓపిక ఉండదు. దగ్గర్లో ఏ గట్టు కనిపిస్తే ఆ గట్టు మీద ఆగుతారు. వాదం ఆ గట్టు గురించే జరగాలి.

నేల పక్షం: సరే, గట్టు దగ్గరికే వద్దాం.

మంచం పక్షం: డెల్టాలో ఎత్తుగా, పొడిగా ఉండేది గట్టే. మనిషికి తెలిసిన ఆ సంగతి ఎలుకకూ తెలుసు. కోతలయ్యాక చేలో తిండి తగ్గి, నీళ్లు పెట్టగానే ఎలుకలన్నీ గట్ల బొరియల్లోకి చేరతాయి. వాటి వెనకాలే పాములు. ఈ చుట్టుపక్కల కుండలో పొగపెట్టి గట్ల వెంట ఎలుకలు పట్టేవాళ్లను ఎవర్ని అడిగినా చెబుతారు, బొరియలో చేయి పెట్టే ముందు ఎందుకు ఆలోచిస్తారో. మీ గుడారం పరిచేది సరిగ్గా ఆ బొరియల నెత్తిన. కట్లపాము సంగతి మీకు తెలియంది కాదు. అది రాత్రి తిరిగే పాము. నేల మీద నిద్రపోతున్నవాళ్లనే ఎక్కువగా కరుస్తుంది. కాటు నొప్పి పెట్టదు, గాటు సరిగా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, తిన్నది పడలేదనుకుంటారు, రెప్పలు వాలిపోయే దాకా పాము అన్న ఆలోచనే రాదు. అప్పటికి విలువైన గంటలు గడిచిపోతాయి. దీనికి ఎత్తు కంటే పెద్ద మందు లేదు.

ఇక్కడ లెక్కలు కొన్ని చెప్పుకోవాలి, ఎందుకంటే పాము మాట రాగానే సంభాషణ కథల్లోకి జారిపోతుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుకు దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సగటున 58 వేల మంది చనిపోయి ఉంటారని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో పాముకాటును నిర్లక్ష్యానికి గురైన వ్యాధుల్లో చేర్చింది. 2030 నాటికి మరణాలను సగానికి తగ్గించాలని భారత ప్రభుత్వం 2024లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. ఈ అంకెల్లో కారు క్యాంపింగుకు వచ్చినవాళ్లు దాదాపు ఉండరు. ఉన్నవాళ్లలో ఎక్కువమంది పొలం పని చేసేవాళ్లు, పల్లెల్లో నేల మీద పడుకునేవాళ్లు. అయినా పాముకు ఆ తేడా తెలియదు.

నేల పక్షం: అదే అధ్యయనం ఇంకో మాట కూడా చెప్పింది, దాన్నీ చదవండి. మరణాల్లో దాదాపు సగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. మీ పక్షుల యాత్ర నవంబరు తరవాత. ఇక నేపాల్ ఆగ్నేయ ప్రాంతంలో చేసి 2007లో ప్రచురించిన పరిశోధన ఏం తేల్చింది? దోమతెర కట్టుకుని పడుకున్నవాళ్లకు పాముకాటు ముప్పు బాగా తగ్గిందని. తెర అంచులు పరుపు కిందికి దోపుకుంటే పాము లోపలికి రాలేదు. నాలుగు పక్కలా అడుగు గుడ్డతో కలిపి కుట్టేసి, జిప్పు వేసుకునే గుడారం ఆ దోమతెరకు తాత. కాపాడేది ఎత్తు కాదండీ, మూత.

మంచం పక్షం: మూత మూసి ఉన్నంత సేపే. పిల్లలు లోపలికీ బయటికీ తిరుగుతూ జిప్పు వదిలేస్తారు. అది అరిగితేనో, పళ్లు విరిగితేనో...

నేల పక్షం: టెంటు మంచానికి జిప్పు లేదా?

మంచం పక్షం: ఉంది. కానీ అది తెరుచుకునేది నేల మట్టాన కాదు, అడుగు ఎత్తున. నేల వెంట పాకుతూ పోయే కట్లపాముకు మీ గుడారం గుమ్మం దారిలోనే ఉంటుంది, నా మంచం గుమ్మం దారికి పైన ఉంటుంది. నునుపైన లోహపు కాలు పట్టుకుని అది ఎక్కడం అరుదు. దుప్పటి అంచు కిందికి వేలాడకుండా చూసుకుంటే చాలు. చలికాలం మాట అన్నారు. మనకి చలి అంటే ఎంతండీ? జనవరిలో కూడా 17, 18 డిగ్రీలు. పాము ముడుచుకుని పడుకునేంత చలి ఇక్కడ పడదు. రక్తపింజరి ఆ నెలల్లోనూ తిరుగుతుంది.

నేల పక్షం: రక్తపింజరి అన్నారు కాబట్టి నా అసలు భయం చెబుతాను. అది పడుకున్నవాణ్ణి వెతుక్కుంటూ రాదు. దాని దారిలో కాలు వేసినవాణ్ణి కరుస్తుంది. వరి పొలాల్లో కాట్లు ఎక్కువగా పాదానికీ, పిక్కకూ పడేది అందుకే. ఇప్పుడు మీ మంచం మీద పడుకున్నవాడు అర్ధరాత్రి లఘుశంకకు లేస్తాడు. మంచం ఎత్తు ఇచ్చిన ధీమాతో కాళ్లు కిందికి వేలాడదీసి, చెప్పుల కోసం మంచం కింద కాలితోనే తడుముతాడు. మంచం కింద ఏముంది? నీడ, వెచ్చదనం, సామాను సంచులు, రాత్రి తిన్న మెతుకులు, వాటి కోసం వచ్చిన ఎలుక. గుడారం కింద ఖాళీ ఉండదు. మంచం కింద అడుగు ఎత్తున ఓ గది ఉంటుంది. దాన్ని మీరే కట్టి ఇస్తున్నారు.

మంచం పక్షం: ఇది మంచి దెబ్బ బావగారూ, తప్పించుకోను. మంచం కింద ఏమీ పెట్టకూడదు. చెప్పులూ సామానూ కారులో ఉండాలి, టార్చి లైటు తల దగ్గర ఉండాలి, కాలు దించే ముందు కింద వెలుగు వేసి చూడాలి. ఈ క్రమశిక్షణ లేకపోతే మంచం సగమే పనిచేస్తుంది. అయితే మీ గుడారంలోంచి లేచేవాడు కూడా ఆ చీకట్లోకే కదా అడుగు వేసేది?

నేల పక్షం: అవును. అందుకే చెబుతున్నా, ముప్పు ఉన్నది నిద్రలో కంటే నడకలో అని. టార్చి, మడమలు మూసే బూట్లు, ఊరి కరెంటు దీపానికి దగ్గరగా చోటు... ఈ మూడింటికి పెట్టే శ్రద్ధ మంచానికి పెట్టే డబ్బు కంటే ఎక్కువ కాపాడుతుంది.

మంచం పక్షం: ఏం జరిగినా పక్కన కారుంది. మూతిని రోడ్డు వైపు తిప్పి నిలపాలి, తాళం ఎక్కడుందో అందరికీ తెలియాలి. తాడేపల్లిగూడెం ఏరియా ఆసుపత్రో, ఏలూరు సర్వజన ఆసుపత్రో, ఏది దగ్గరో ముందే చూసి పెట్టుకోవాలి. కట్లూ, గాట్లూ, పసర్లూ అంటూ ఆగకూడదు. ఇందులో మన ఇద్దరికీ తగువు లేదు కదా?

నేల పక్షం: లేదు. దోమల దగ్గర ఉంది.

మంచం పక్షం: దోమల దగ్గరా? గోదావరి జిల్లాల్లో బోదకాలు చూడని తరం లేదు. ఈ సీమలో నవారు మంచం, నాలుగు కర్రలు, దోమతెర లేకుండా వేసవిలో వాకిట్లో ఎవరైనా పడుకున్నారా? టెంటు మంచం అంటే ఆ ఏర్పాటే కదండీ, మడతపెట్టి కారులో పట్టేలా చేశారు, పైన వానకి కప్పు వేశారు. అమెరికావాళ్ల సరుకని కొత్తగా చూస్తున్నాం గానీ ఇది మన తాతల పడకే. చేలో కాపలా మంచె చూడండి. నాలుగు రాటల మీద ఎత్తుగా కట్టి, పైన తాటాకు కప్పి, మనిషి అక్కడే రాత్రంతా ఉండేవాడు. తడి నేలలో బతికినవాళ్లు ఎత్తు మీదికి ఊరికే ఎక్కలేదు.

నేల పక్షం: మంచె కట్టింది చూపు కోసం. పందులొస్తున్నాయా, పిట్టలు వాలుతున్నాయా అని చూడ్డానికి ఎక్కేవాడు, హాయిగా నిద్రపోవడానికి కాదు. వాకిట్లో మంచం సంగతి వేరు. అది రోజూ ఊడ్చి, కళ్లాపి చల్లిన నేల. చుట్టూ ఇంటివాళ్లు, దీపం, కుక్క. కొత్త గట్టు మీద మంచం వేస్తే వాకిలి కూడా వెంట వస్తుందా? తీర్థాలకు బండ్లు కట్టుకుని పోయినవాళ్లు ఎలా పడుకున్నారో కూడా తాతల్నే అడగండి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పోయినవాళ్లు మంచాలు వేసుకుపోలేదు. ఎడ్లను విప్పి, బండి కింద గడ్డి పరిచి, పది మందీ ఒకచోట పడుకున్నారు. వాహనంతో వచ్చి ఆరుబయట నిద్రపోవడమంటే మనకున్న అసలు పాఠం అది.

దోమ దగ్గరికి వస్తా. టెంటు మంచం వెడల్పు రెండున్నర అడుగులు, మహా అయితే కాస్త ఎక్కువ. పక్కకు తిరిగితే మోచెయ్యి వలకు ఆనుతుంది. ఆనిన చోట దోమ బయటి నుంచే కుడుతుంది. దోమతెర కట్టే ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే ఇది. కింద కూడా గాలి ఆడుతుంది కాబట్టి పలచటి గుడ్డయితే వీపు కింది నుంచీ కుడతాయి. పెద్ద గుడారంలో ఒంటికీ వలకూ మధ్య ఎడం ఉంటుంది.

మంచం పక్షం: మందపాటి గుడ్డ ఉన్నది కొనుక్కోవాలి. పైన తుంగ చాపో, బొంతో పరిస్తే కింది నుంచి కుట్టే బాధ పోతుంది. అయితే మోచెయ్యి సంగతి నిజం. ఇరుకు ఇరుకే.

నేల పక్షం: ఆ బొంత లేకపోతే చలీ తప్పదు. నేల కనీసం పగటి వేడిని కొంత దాచుకుంటుంది. మంచం కింద రాత్రంతా గాలి ఆడి, మనిషి బరువుకు నలిగిన దుప్పటిలోంచి వెచ్చదనాన్ని లాగేస్తుంది. పుష్యమాసంలో కొల్లేటి మీది తేమ గాలికి ఆ 18 డిగ్రీలే ఎముకల్లోకి దిగుతాయి. చుక్కలు చూద్దామని పై కప్పు తీసేశారా, మంచు కురిసి దుప్పటి పిండాలి.

మంచం పక్షం: పుష్యంలో అంతే. కానీ ఇక్కడ చలి ఎన్నాళ్లు? ఫాల్గుణం దాటితే ఆ కింది గాలే ప్రాణం. ఏప్రిల్, మే ఉక్కలో నేలకు అతుక్కున్న గుడారం ఆవిరి పాత్ర అవుతుంది. కారులో పడుకుందామంటే అద్దాలు మూస్తే ఉక్క, తెరిస్తే దోమ. ఇంజను నడుపుతూ ఏసీ వేసుకుని మూసిన కారులో నిద్రపోతే కార్బన్ మోనాక్సైడు లోపలికి చేరి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలోనే ఎన్నో. మేకులు దిగని సిమెంటు కళ్లం మీద కూడా మంచం నిలబడుతుంది. మీ గుడారాల్లో చాలావాటిని అక్కడ రాళ్లు కట్టి నిలపాలి.

నేల పక్షం: మంచాన్ని నిలబెట్టేది మనిషి బరువు. మనిషి దిగి పక్షులు చూడ్డానికి పోతే, తుపాను రోజుల ఈదురుగాలికి ఎత్తు మీదున్న ఆ గుడారం తెరచాపే. తిరిగొచ్చేసరికి చేపల చెరువులో తేలుతుంది. ఉరుములు మొదలైతే మీ మంచమైనా నా గుడారమైనా వదిలేసి కారెక్కి అద్దాలు మూసుకోవాల్సిందే. అది ఒప్పందం. కానీ చేపల చెరువు మాట వచ్చింది కాబట్టి అసలు అభ్యంతరం చెప్పనివ్వండి. నాకు మీ మంచం మీద కోపం దాని బరువు వల్లో ఇరుకు వల్లో కాదు. అది ఎక్కడైనా పడుకోవచ్చన్న ధైర్యం ఇస్తుంది. కొల్లేరు ఎక్కడైనా పడుకునే చోటు కాదు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం అయింది, 2002లో రామ్సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేసి, తవ్వేసి ఎంత గొడవ జరిగిందో ఈ ఊళ్లు మరిచిపోలేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అభయారణ్యంలోకి పోకూడదు, ఉండకూడదు. నేల మీద గుడారం వేసేవాడు బురద చూసి వెనక్కి తగ్గుతాడు. ఆ వెనక్కి తగ్గడమే పక్షికి మేలు. మంచం ఉన్నవాడు ముందుకే పోతాడు.

మంచం పక్షం: ముందుకు పోయేది మంచం కాదు, బుద్ధి లేని మనిషి. వాడు మంచం లేకపోతే టార్పాలిన్ పరుచుకుని పోతాడు. ఇంకా నిజం చెప్పాలంటే, మీ గుడారం మోపిన చోట గడ్డి అణిగి, మేకుల గుంటలు పడతాయి. మంచం నాలుగు గీతలు గీసి లేచిపోతుంది. అనుమతి సంగతి మాత్రం మీరన్నదానికి ఒక మాట కలుపుతా. అభయారణ్యం బయట కూడా ప్రతి గట్టూ ఎవరో ఒకరి కౌలు. రాత్రిపూట చెరువు గట్టు మీద కొత్త మనిషి కనిపిస్తే కాపలావాళ్లు చేపల దొంగే అనుకుంటారు, అనుకోవాలి కూడా. ఏరేటర్ల కరెంటు తీగలు గట్ల వెంట పాకుతూ ఉంటాయి, లోహపు మంచం వాటి దగ్గరికి పోకూడదు. కాబట్టి చెరువు గట్టు వద్దు. ఊళ్లోకి వెళ్లి, పెద్దమనిషిని అడిగి, కళ్లంలోనో కొబ్బరితోటలోనో...

నేల పక్షం: కొబ్బరిచెట్టు కింద వద్దు.

మంచం పక్షం: చెట్టుకు ఎడంగా. అలా అడిగి సంపాదించిన గట్టి నేల మీద కూడా మంచం అక్కర్లేదంటారా?

నేల పక్షం: అలా అడిగి సంపాదించాక దాని అవసరం సగానికి సగం తగ్గిందంటా. మిగిలిన సగానికి పది, పదిహేను కిలోలు మోయాలా అంటా. అదీ మనిషికొకటి. నలుగురున్న ఇంటికి నాలుగు పెడితే చిన్న కారులో కూరగాయల సంచి కూడా పట్టదు. ఇద్దరికి సరిపోయేవి ఉన్నాయంటారు, వాటి బరువు ఇంకా ఎక్కువ.

మంచం పక్షం: ఇంట్లో మోకాళ్లు అరిగిన పెద్దావిడ ఉంటే? నేల మీద గుడారంలోంచి పాకుతూ బయటికి రమ్మంటారా?

నేల పక్షం: ఆవిడ కోసమైతే నేనే మోసుకొస్తా. కానీ ఆవిడని మోసం చేయొద్దు. కుర్చీ ఎత్తు అడుగున్నర, నులక మంచమూ అంతే. మీ టెంటు మంచం అడుగు. అందులోంచి తల వంచి, జిప్పు దాటి, అంత తక్కువ ఎత్తు నుంచి లేవడం మోకాళ్లకు సుఖమేమీ కాదు. ఆవిడకు కావలసింది మామూలు నవారు మంచం, పైన దోమతెర.

మంచం పక్షం: ఒప్పుకున్నా. పోనీ పిల్లల దగ్గరికి రండి. ఆరేళ్ల పిల్ల. మీ గుడారంలో నలుగురి చివర, గోడగుడ్డకు ఆనుకుని పడుకుంటుంది. నిద్రలో దొర్లుతూ గుమ్మం దాకా పోతుంది. ఎవరో జిప్పు జానెడు వదిలేశారు. ఇదీ నా భయం.

నేల పక్షం: ఆ పిల్లనే మీ మంచంలో ఒంటరిగా పడుకోబెట్టండి. అర్ధరాత్రి కొంగలు గోలచేస్తాయి, లేచి భయపడుతుంది, జిప్పు తీసుకుని కిందికి దిగి అమ్మ మంచం వైపు నడుస్తుంది. చెప్పులుండవు, టార్చి ఉండదు. ఆ నాలుగడుగులూ నా భయం.

మంచం పక్షం: తల్లి మంచాన్నీ పిల్ల మంచాన్నీ ఆనించి వేసి, జిప్పులు ఎదురెదురుగా వచ్చేలా చూస్తే పిల్ల కిందికి దిగనే దిగదు. చెయ్యి చాపితే తల్లి తగులుతుంది.

నేల పక్షం: గట్టి కళ్లం మీద అయితే ఆనతాయి. మెత్తటి నేలలో రెండు కాళ్లు రెండు రకాలుగా దిగి, తెల్లారేసరికి మధ్యలో సందు పడుతుంది.

మంచం పక్షం: అందుకని రెండు చట్రాలనూ తాడుతో కలిపి కట్టాలి.

నేల పక్షం: కట్టండి. పిల్ల బదులు నేను పడుకుని చూస్తా, ఆ తరవాత మాట్లాడదాం.